పూట మానేస్తే కరిగేది కొవ్వేనా?

రాత్రి భోజనం మానేసిన వారంలోనే తూకం కిలో దాకా తగ్గొచ్చు. సంబరపడకండి, అందులో చాలావరకు నీళ్లే! కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రామూ సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది. కొవ్వు అంత తేలిగ్గా కదలదు. కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి మరి.

తిండి మరీ తగ్గిస్తే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది. 1945లో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులకు ఆరు నెలలు సగం తిండే పెట్టి చూశాడు. బరువు నాలుగో వంతు తగ్గింది. బలమూ సన్నగిల్లింది, ఎప్పుడూ చలి, ధ్యాసంతా తిండి మీదే. ఎదిగే పిల్లలు డాక్టరును అడగకుండా డైటింగ్ జోలికి పోకూడదనేది ఇందుకే.

బరువులెత్తితే? పని పడిన కండను శరీరం అంత సులువుగా వదులుకోదు, పప్పో గుడ్డో అందుతుంటే. అయితే ‘కండ పెంచితే కూర్చున్నా కొవ్వు కరుగుతుంది’ అనే జిమ్ కబుర్లు సగమే నిజం. విశ్రాంతిలో కిలో కండ రోజంతా ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలే, ఇడ్లీలో ఓ చిన్న ముక్క! తూకాన్ని ఎక్కువగా దించేది తిండి తగ్గించడమే, కండను నిలిపేది కసరత్తు. దానికి డంబెల్సే అక్కర్లేదు. బడిలో శిక్షగా తీయించే గుంజీలు నిజానికి తొడలకు మంచి వ్యాయామం.