పువ్వు మాదే, చెయ్యి మాది కాదు

ఆమధ్య మా అమ్మాయి పెళ్ళికని పట్నంలో ఒక కొట్లో 'ఉప్పాడ జాందానీ' చీర కొన్నాం. ఇంటికి తెచ్చి తిరగేస్తే బుటాల వెనుక అన్నీ కత్తిరించిన పోగులే! మా ఆవిడ ముఖం చిన్నబోయింది. సరే, అసలుదేదో కళ్ళారా చూద్దామని కాకినాడ మీదుగా ఉప్పాడ వెళ్ళాం.

సముద్రం ఏటేటా కోసుకుపోతున్న ఊరది. ఒక ఇంట్లో ఒకే మగ్గం మీద ఇద్దరు కూర్చుని నేస్తున్నారు. ఒక్కొక్క బుటాకు ఒక్కొక్క చిన్న కండె. పేకతోపాటు అదనపు పోగును చేతితోనే దూర్చి పువ్వు దిద్దుతారు. అందుకే జాందానీకి ముందూ వెనుకా ఒకటేలా ఉంటుంది.

మా చీర చూపించాను. పెద్దాయన తిరగేసి చూసి, "పువ్వు మాదేనండి, చెయ్యి మాది కాదండి" అన్నాడు.

పుస్తకం రాసినవాడికి దానిమీద హక్కుందని మనమంతా ఒప్పుకుంటాం. మరి నేతగాడికో? 1999లో పార్లమెంటు భౌగోళిక గుర్తింపు చట్టం చేసింది. 2003లో అమలులోకి వచ్చింది. 2009లో ఉప్పాడ జాందానీకి ఆ గుర్తింపు దక్కింది. అయితే ఈ చట్టం కాపాడేది పేరును, పువ్వును కాదు. పాత పువ్వును ఎవరైనా నేసుకోవచ్చు. దాన్ని ఉప్పాడ జాందానీ అని మాత్రం అమ్మకూడదు. కొత్తగా కల్పించిన పువ్వుకు 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది. నమోదు చేయిస్తే పదేళ్ళు, పొడిగిస్తే మరో అయిదేళ్ళు రక్షణ.

జాందానీ అన్న మాట ఢాకా నేతతో పెనవేసుకున్నది. ఉప్పాడకు గుర్తింపు రాగానే బంగ్లాదేశ్‌లో కలవరం పుట్టింది. వాళ్ళూ 2013లో చట్టం చేసుకుని, 2016లో తమ జాందానీని నమోదు చేసుకున్నారు. విద్య ఎక్కడికైనా పోవచ్చు. ఢాకా పేరు ఢాకాదే, ఉప్పాడ పేరు ఉప్పాడదే. న్యాయమే కదూ!

పట్టు ఇచ్చినవాడు కూలి చేతిలో పెట్టి చీర పట్టుకుపోతే, నేతగాడికి మిగిలేది కూలి ఒక్కటే. చట్టం ప్రకారం అతడూ ఆ పేరు వాడుకునే అర్హుడుగా నమోదు కావచ్చు. అప్పుడు తన చీరను ఉప్పాడ పేరుతో తానే అమ్ముకోగలడు. దొంగపేరు పెట్టినవాణ్ణి కోర్టుకు లాగగలడు. తన పనిని తన పేరుతో, తనకు తోచిన ధరకు అమ్ముకోలేనివాడికి స్వేచ్ఛ ఉందని ఎలా అంటాం?

అసలు చీర కొని, "పెళ్ళిలో ఎవరు నేశారని అడిగితే ఏమని చెప్పను బాబాయి గారూ?" అంది మా ఆవిడ.

"ఇన్నాళ్ళకు ఒకరడిగారమ్మా!" అంటూ నవ్వి, ఆయన తన పేరు చెప్పాడు.