చర్మమునకు పడని సంరక్షక ద్రవ్యములు

గత సంవత్సరము మన పాఠశాలలో నాలుగవ తరగతి బాలిక యొకతెకు చేతులపైనను, నోటి చుట్టును ఎర్రని దద్దురులు లేచినవి. గజ్జి యేమోయని శంకించి నేనే ఆ బిడ్డను వేరుగా కూర్చుండబెట్టితిని. అది నా పొరపాటు. వైద్యుడు విచారింపగా, భోజనానంతరము తుడుచుకొనుటకై తల్లి సంచిలో పెట్టి పంపుచున్న వెట్ వైప్స్ కారణమని తేలినది. వానిని మానిన కొన్ని వారములకు చర్మము బాగుపడినది. పసిమనస్సునకు తగిలిన గాయము మానుటకు మరికొంత కాలము పట్టినది.

నీరు కలిసిన షాంపూ, క్రీము మొదలగు వానిలో బూజును, సూక్ష్మజీవులును పెరుగును. ఊరగాయకు ఉప్పు ఎట్టిదో, వీనికి సంరక్షక ద్రవ్యములు అట్టివి. కావున అన్నిటిని నిందింపరాదు. పారబెన్లవలన అలెర్జీ కలుగుట అరుదు. కాని మిథైల్ ఐసోథయజోలినోన్ అనునది పెక్కుమందికి పడదు. ఫార్మాల్డిహైడును కొద్దికొద్దిగా విడుచు క్వాటర్నియం-15 వంటివియు ఇట్టివే.

ఇది అంటువ్యాధి కాదు. ద్రవ్యము చర్మములోనికి చొచ్చగా, దేహమును కాపాడు తెల్లరక్తకణములు దానిని శత్రువుగా గుర్తుంచుకొనును. మరల తాకినప్పుడు ఒకటి రెండు దినములకు దురద, ఎరుపు, పొక్కులు కలుగును. ఇట్లు ఆలస్యముగా వచ్చుటచేతనే కారణము సులభముగా దొరకదు. "ఇన్నేండ్లుగా వాడుచున్నదే కదా" యనరాదు. ఏండ్ల తరబడి పడినదియు ఒకనాడు పడకపోవచ్చును.

2014లో అమెరికాలో వెట్ వైప్స్‌లోని ఈ ద్రవ్యమువలన బాధపడిన ఆరుగురు పిల్లల వృత్తాంతము వైద్యపత్రికలో వెలువడినది. ఐరోపా సమాఖ్య 2017 నుండి, కడిగివేయక చర్మముపై నిలిచిపోవు సౌందర్య వస్తువులలో దీనిని నిషేధించినది. కడిగివేయు వస్తువులలో 2018 నుండి పది లక్షల పాళ్ళకు 15 పాళ్ళు మించరాదని నియమించినది.

తల్లిదండ్రులకు నా మనవి. సీసాలపై ద్రవ్యముల పేర్లు సామాన్యముగా ఆంగ్లములోనే యుండును. మీకు ఆంగ్లము రాకున్నచో పై తరగతుల పిల్లలచే చదివించి, పై పేర్లతో పోల్చి చూడుడు. "సహజము", "పిల్లలకు ప్రత్యేకము" అను మాటలను మాత్రమే నమ్మకుడు. చేతులకు నీరును, సామాన్యమైన సబ్బును చాలును. దద్దురు తగ్గనిచో మందుల దుకాణమున అడిగి తెచ్చిన లేపనము పూయక, చర్మవైద్యునికి చూపుడు. వీపుపై పట్టీలు రెండు దినములుంచి, పిమ్మట పరిశీలించి, పడని ద్రవ్యమును వారు గుర్తింపగలరు. ఆ పేరును వ్రాయించుకొని భద్రపరచుడు. సామాన్యముగా అది జీవితాంతము పడదు.

ఇకమీదట మన బడిలో దద్దురు లేచిన బిడ్డను, వైద్యుడు చెప్పకుండ, ఎవరును వేరుచేయరు. ముందు కారణమును వెదకుదము.