గజ్జి కుక్క అని గెంటేయొద్దు

కాలిన ఆయిల్‌, కిరోసిన్‌ పూస్తే ప్రాణానికే ముప్పు

రాజపాళయం: తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, సన్నటి నడుము... విజయనగర కాలంలో వలస వచ్చిన తెలుగు రాజుల ఊరి పేరే ఈ కుక్కకూ వచ్చింది. 2005లో తపాలా స్టాంపు మీదికీ ఎక్కింది. కాపలాకు, వేటకు పేరుమోసిన ఈ జాతికి ఓ చిక్కుంది. వెంట్రుక పొట్టి, చర్మం లేత. ఎండకు కందుతుంది, గజ్జి తొందరగా పట్టుకుంటుంది. జుట్టు రాలి ఎర్ర మచ్చలు పడగానే కొందరు వీధిలో వదిలేస్తారు. మరికొందరు మెకానిక్‌ షెడ్డు నుంచి కాలిన ఇంజిన్‌ ఆయిల్‌ తెచ్చి పూస్తారు. రెండోది మొదటిదాని కంటే మేలేం కాదు.

కుక్క ఒళ్లు నాకుతుంది. ఆ ఆయిల్‌ కడుపులోకి పోతే వాంతులు పట్టుకుంటాయి, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి. కిరోసిన్‌ చర్మాన్ని కాలుస్తుంది. వేపాకు కాచిన నీళ్లు చల్లార్చి పోస్తే దురద కాస్త తగ్గొచ్చు గానీ, చర్మం లోపల దాగిన పురుగు చస్తుందని నమ్ముకోకూడదు.

గజ్జి రెండు రకాలు. ఒకటి విపరీతమైన దురదతో చెవి అంచుల్లో, మోచేతుల దగ్గర మొదలై మనుషులకూ అంటుతుంది. రెండోది పిల్లల్లో కళ్ల చుట్టూ, మూతి దగ్గర బట్టతలలా కనిపిస్తుంది, దురద తక్కువ, మనకు అంటదు. కూనలకు తల్లి నుంచే వస్తుంది. ఒళ్లంతా పాకిన కుక్కను ఈతకు వాడకపోవడం మంచిది. ఏ రకమో చూపుతో తేలదు. పశువైద్యులు చర్మం కాస్త గీకి మైక్రోస్కోపు కింద చూసి చెబుతారు. మందు మోతాదు కుక్క బరువును బట్టి ఉంటుంది. పశువులకు వేసే ఇంజెక్షన్‌ను అంచనాగా పొడిచేస్తే కొన్ని జాతులకు ప్రాణాంతకం.

గోమార్ల సంగతి వేరు. తమిళంలో ఉణ్ణి అంటారే, అవే. కుక్క మీద కనిపించేవి కొన్నే. మిగతావి గోడ పగుళ్లలో, చాప కింద ఉంటాయి. ఒక్క ఆడ గోమారి వేల గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకు మందు వేసి ఊరుకుంటే వారానికే మళ్లీ మొదలు. పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి, పడుకునే గుడ్డ వేడినీళ్లలో ఉతకాలి. ఒంటిమీది దాన్ని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయాలి. వేళ్లతో నలపొద్దు, బీడీతో కాల్చొద్దు. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య రోజూ చూడటం అలవాటు చేసుకోండి.

స్నానం రెండు మూడు వారాలకోసారి చాలు. మన సబ్బు వద్దు, కుక్కల షాంపూయే వాడాలి. ఈశాన్య రుతుపవనాల వానల్లో తడిసి వచ్చిన రోజున వేళ్ల సందులు, పొట్ట పొడిగా తుడవాలి. మధ్యాహ్నం ఎండలో కట్టేయకూడదు.

జ్వరం, చిగుళ్లు తెల్లబడటం, తిండి మానేయడం, చీము... వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గోమార్ల వల్ల రక్తంలోకి చేరే జబ్బు ఆలస్యమైతే చేతికందదు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే కుక్కకు పూసే మందు సీసా మీద పెర్మెత్రిన్‌ అని ఉందేమో చదవండి. అది పిల్లికి విషం.