పత్తి లెక్కల మధ్య ఆది తాళం

పత్తి సీజన్‌లో ఆదోని మార్కెట్ యార్డులో పద్దు రాసే గుమాస్తాకు తల ఎత్తే తీరిక ఉండదు. లాటు నంబరు, రైతు పేరు, తూకం, టెండరులో పలికిన ధర, హమాలీ కూలి, కమీషను. ఉదాహరణకు 4 క్వింటాళ్ల 35 కిలోల లాటుకు క్వింటా రూ.7,250 బదులు 7,520 అని పడిందనుకోండి. రెండంకెలు తారుమారైన పాపానికి తేడా రూ.1,174.50. పైగా ఆ తప్పు అప్పటికప్పుడు దొరకదు. రాత్రి లెక్క కుదరనప్పుడు మొదటి నుంచీ వెతుక్కోవాలి.

కుర్చీ పనిలో మనసు ఎంతసేపు నిలుస్తుందో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు గ్లోరియా మార్క్ ఏళ్ల తరబడి కొలిచారు. 2004లో ఒక తెర మీద చూపు సగటున రెండున్నర నిమిషాలు ఆగేది. ఇటీవలి సంవత్సరాల్లో అది 47 సెకన్లకు పడిపోయింది. ఆ లెక్కన 8 గంటల డ్యూటీలో 600 సార్లకు పైగా మనసు గెంతుతుంది. అమెరికా లెక్క మనకెందుకు అనకండి. ఎమ్మిగనూరులో ఏ సచివాలయంలోనైనా ఒక పూట కూర్చుంటే ఎదురుగా అర్జీదారు, కంప్యూటర్లో పోర్టల్, ఫోన్లో పైఅధికారుల వాట్సాప్ గ్రూపు, మూడూ ఒకేసారి పిలుస్తుంటాయి.

దీనికి సంగీతం మందని చెప్పేవాళ్లు చాలామంది. ముందు ఆ మందు మీది లేబుల్ చదువుదాం.

1993లో రాషర్ అనే పరిశోధకురాలి బృందం 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ వినిపించింది. ఆకారాలను ఊహించే పరీక్షలో వాళ్లకు ఐక్యూ లెక్కన 8, 9 పాయింట్లు ఎక్కువొచ్చాయి. ప్రపంచమంతా సీడీలు అమ్ముడుపోయాయి. ఆ ప్రభావం 10, 15 నిమిషాలకు మించి నిలవలేదన్న సంగతి మాత్రం ప్రచారంలో వెనకబడింది. 2004లో షెలెన్‌బర్గ్ టొరంటోలో 144 మంది ఆరేళ్ల పిల్లలను తీసుకున్నారు. సంగీతం నేర్చినవాళ్ల ఐక్యూ 7 పాయింట్లు పెరిగితే, మిగతావాళ్లది 4.3 పెరిగింది. తేడా మూడు పాయింట్లు కూడా లేదు. 2020లో సాలా, గోబే అనే ఇద్దరు పరిశోధకులు 54 అధ్యయనాలను, సుమారు 7,000 మంది పిల్లలను కలిపి చూశారు. పకడ్బందీగా చేసిన ప్రయోగాల్లో లాభం దాదాపు సున్నా. కాబట్టి హార్మోనియం కొంటే బుర్ర పెరుగుతుందన్న ఆశ వదిలేయడమే మేలు.

నాకు పనికొచ్చేదనిపించిన లెక్క వేరే ఉంది. 2014లో ఎషెల్‌మన్ బృందం 341 మంది ఉద్యోగులను, 92 మంది అమెరికా వైమానిక దళ కెప్టెన్లను పరిశీలించింది. ఆఫీసు బయట సృజనాత్మక వ్యాపకం ఉన్నవాళ్లు పనిలోనూ మెరుగ్గా కనిపించారు. ఆ వ్యాపకాల్లో సంగీతం ఒకటి మాత్రమే, అదే కారణమని రుజువు కూడా కాలేదు. అయినా వ్యాపకం పని అలసటను దించుతుందన్న మాట మాత్రం తీసిపారేయలేం. సాయంత్రం రెండు గంటలు రీల్స్ చూస్తే కళ్లు మండుతాయి గానీ పద్దు మనసులోంచి పోదు. పాడుతూ తాళం వేస్తుంటే పద్దుకు చోటు దొరకదు.

ఎందుకు దొరకదో కర్ణాటక సంగీతం తొలి పాఠాలైన సరళీ వరుసల్లో చూడండి. ఆది తాళానికి 8 అక్షరాలు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆ తర్వాత దెబ్బ–తిప్పు రెండుసార్లు. అక్షరానికి ఒక సెకను పెట్టుకుంటే ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, 8 సెకన్లు. మొదటి కాలంలో అందులో 8 స్వరాలు పడతాయి, రెండో కాలంలో 16, మూడో కాలంలో 32. అంటే సెకనుకు నాలుగు. అర సెకను మనసు యార్డులోకి వెళ్లొచ్చిందా, రెండు స్వరాలు గల్లంతు. నోరు ముందుంటుంది, చెయ్యి వెనకుంటుంది. ఆవర్తనం మొదలయ్యే సమం దగ్గర దొరికిపోతారు, అదీ 8 సెకన్ల లోపే. పద్దులో తప్పు రాత్రికి తెలిస్తే, ఇక్కడ ఆవర్తనం తిరిగేలోపే తెలుస్తుంది. మనసు జారిన క్షణాన్ని పట్టుకోవడమే ఇందులో అసలు సాధన. పావుగంట పాడితే 112 ఆవర్తనాలు, అన్నిసార్లు పరీక్ష.

ఉద్యోగాన్నీ సంగీతాన్నీ కలిపి నడిపినవారికి మన జిల్లా కేంద్రం కర్నూలే సాక్ష్యం. శ్రీపాద పినాకపాణి (1913–2013) వృత్తికి వైద్యులు. కర్నూలు వైద్య కళాశాలలో పనిచేసి, అక్కడే స్థిరపడ్డారు. ఆసుపత్రి పనితో పాటే వందల కృతులకు స్వరం రాశారు, నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ వంటి శిష్యులను తయారు చేశారు. 1983లో సంగీత కళానిధి, 1984లో పద్మభూషణ్ వచ్చాయి. 1953 దాకా ఆదోని ఏ జిల్లాలో ఉండేదో ఆ బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు కూడా అంతే. పగలు ప్లీడరు, తీరికైతే నాటకం. 1887లో ప్రదర్శించిన ‘చిత్రనళీయం’తో తెలుగు రంగస్థలం మీదికి పాటను తెచ్చారు. వాళ్లంత దూరం మనం పోనక్కర్లేదు. వాళ్లు డ్యూటీకి ఎగనామం పెట్టలేదన్నది గమనిస్తే చాలు.

ఒక జాగ్రత్త. పాడటం వేరు, పని చేస్తూ పాట వినడం వేరు. 2011లో పెర్హమ్, విజార్డ్ చేసిన ప్రయోగంలో వరుస గుర్తుపెట్టుకునే పనికి నచ్చిన పాటైనా, నచ్చని పాటైనా ఒకేలా అడ్డం తగిలింది. నిశ్శబ్దమే గెలిచింది. అంకెల పని చేసేవాళ్లు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేయాలి.

గురువు దొరకకపోతే ఊరి గుడి భజన మేళం ఉంది. తాళాలు పట్టుకుని వెనక వరుసలో కూర్చుంటే ఎవరూ కాదనరు. ఇంట్లో అయితే ఫోన్లో శ్రుతి పెట్టుకోవచ్చు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టాకే. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి సుమారు 30 కిలోమీటర్లు. రోజూ బస్సెక్కేవాళ్లు మోకాలి మీద తాళం వేసుకుంటూ మనసులో పాడుకోవచ్చు, పక్క సీటువాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి.

పత్తి సీజన్ ఊపు మీద ఉన్నప్పుడు మాత్రం మొదలుపెట్టొద్దు. నాలుగు రోజులకే మానేస్తారు. వేసవిలో యార్డుకు పత్తి రాక పల్చబడ్డాక మొదటి కాలం పట్టుకుని, అక్టోబరు నాటికి రెండో కాలం చెయ్యీ నోరూ కలిస్తే చాలు. మూడో కాలం పై ఏడాది సంగతి.