తువాలు వెళ్ళేవారు వానలు కనుక్కోవాలి

ఇది భుజాన వేసుకునే తువ్వాలు కాదు. పసిఫిక్ మహాసముద్రం నడుమ తొమ్మిది దీవుల దేశం. మొత్తం 26 చదరపు కిలోమీటర్లు, జనం సుమారు 10 వేలు. 1978లో స్వతంత్రమైంది.

అక్కడికి ప్రయాణం కట్టేవారు ముందు ఫిజీ చేరాలి. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి మన తెలుగు కూలీలు చెరకు తోటలకు వెళ్ళిన ఫిజీయే అది. అక్కడి సువా నుంచి తువాలుకు విమానం వారానికి కొన్ని రోజులే. తప్పితే పడిగాపులే. చెల్లేది ఆస్ట్రేలియా డాలరు. డబ్బిచ్చే ఏటీఎం 2025లో గాని రాలేదు కనుక నోట్లు దగ్గరుంచుకోవడం మేలు. రాజధాని ఫునాఫుటిలో సాయంత్రం కుర్రాళ్ళు రన్‌వే మీదే బంతాట ఆడతారు. విమానం వేళకు సైరన్ మోగితే లేచి పక్కకు పోతారు.

అసలు చిక్కు మంచినీరు. ఏరు లేదు, సెలయేరు లేదు. తవ్వితే ఉప్పన. ఇంటికప్పు మీద పడ్డ వాననీటినే తొట్లలో పట్టి తాగుతారు. 2011లో వానలు మొహం చాటేస్తే ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఫునాఫుటిలో ఇంటికి రోజుకు రెండు బక్కెట్ల నీరే ఇచ్చారు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు ఎక్కువ. ఏ నెలలో వెళ్ళినా బస మాట్లాడుకునేటప్పుడే తొట్టిలో నీరెంతుందో అడగాలి. అతిథి పోసుకునే చెంబెడు నీళ్ళూ అందులోవే.