పాత గోవాలో ఒక విశ్రాంతి దినము

దూరప్రయాణము చేయువారికి నడుమ ఒక దినము తీరిక దొరకినప్పుడు, దానినంతయు నిద్రకు అప్పగింపక, ఆ ఊరి కట్టడములను, ఆ ఊరి వంటకములను ఎరుగుటకు వినియోగించుట మేలు. గోవాకు పోయినవారికి ఇందుకు తగిన చోటు పాత గోవా అని మేము శ్రోతలకు సూచింతుము. పణజి నుండి మాండవి నది వెంబడి తూర్పుగా సుమారు పది కిలోమీటర్లు పోయిన చాలును.

1510లో పోర్చుగీసువారు పట్టుకొన్న ఈ నగరము, తూర్పుదేశములలోని వారి రాజ్యమునకు ముఖ్యపట్టణమై వెలసినది. కలరా, మలేరియాలచే జనము తరిగిపోగా, 1843లో రాజధాని పణజికి మారినది. ఇండ్లు మాయమైనవి, చర్చీలు కొన్ని మిగిలినవి.

మొదట చూడదగినది సె కెథెడ్రల్. దీనిని 1562లో ఆరంభించి 1619లో ముగించిరి. రెండు గోపురములలో ఒకటి 1776లో కూలినది. దాని కెదురుగా బాం జీసస్ చర్చి. 1605లో ప్రతిష్ఠ జరిగిన ఈ ఆలయమున సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయము ఉన్నది. వెలుపలి సున్నపు పూతను 1950వ దశకములో తీసివేసినందున, సన్నని రంధ్రములు గల ఎర్రరాయి బయటపడినది. అది ఏటేట వానకు తడిసి చెడుననునది నేటి చింత.

ఈ చింత అకారణము కాదని సమీపపు గుట్టమీది సెయింట్ ఆగస్టీన్ చర్చి శిథిలములు తెలుపును. 1602లో పూర్తియైన ఆ చర్చిని, ప్రభుత్వము మఠములను రద్దుచేయగా, 1835లో విడిచిపెట్టిరి. ఏడేండ్లకే పైకప్పు కూలినది. నేడు 46 మీటర్ల ఎత్తున ఒక గోపురపు సగభాగము మాత్రమే నిలిచియున్నది. దాని గంటను పణజి చర్చికి తరలించిరి.

రాయికి పట్టిన గతి రుచికి పట్టలేదు. ద్రాక్షసారా, వెల్లుల్లి కలిపి మాంసమును ఊరవేయు పోర్చుగీసు పద్ధతియే ఇచ్చటి విందాలు కూరకు మూలము. ద్రాక్షసారాకు బదులు కొబ్బరికల్లు సిర్కాను ఇచ్చటివారు వాడుకొనిరి. అమెరికా ఖండమునుండి ఓడలలో వచ్చిన మిరపకాయను చేర్చిరి. మన యింటి ఆవకాయలోని కారమునకును మూలము ఆ మిరపయే! ఉదయము అమ్మవచ్చు పావు రొట్టె, కొబ్బరిపాలు, గ్రుడ్లు, నేయి కలిపి పొరమీద పొరగా కాల్చు బెబింక తీపియు ఆ కలయిక నుండి పుట్టినవే. ఇంటింట నిత్యము వండుచుండుటచే ఇవి నిలిచినవి.

కావున ఉదయపు చల్లదనమున చర్చీలను, ఆగస్టీన్ గుట్టను చూచి, మధ్యాహ్నము ఏదైన చిన్న పూటకూటియింట చేపలకూర, అన్నము భుజించుట ఉచితము. చర్చీలలో నేటికిని ఆరాధన జరుగుచున్నది గనుక, తగిన దుస్తులు ధరించి, నిశ్శబ్దము పాటింపవలెను. ఎర్రరాతిని గీకుట, శిథిలములపై ఎక్కుట తగదు. వాన చేయు చెరుపు చాలును. యాత్రికులు దానికి తోడు కారాదు.