మోచేతి లోపలి నొప్పి

1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన భిలాయిలో శ్రీకాకుళము వైపునుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు. స్పానరు బిగించు కార్మికునికి, సుత్తి వేయువానికి, ఇంటిలో బట్టలు పిండు ఇల్లాలికి సైతము మోచేతి లోపలి ఎముక బుడిపెవద్ద నొప్పి కలుగవచ్చును. వైద్యులు దీనిని 'గోల్ఫు ఆటగాని మోచేయి' అందురు. గోల్ఫు కర్ర ముట్టనివారికే ఇది ఎక్కువగా వచ్చుట చిత్రము.

మణికట్టును లోనికి వంచు కండరములు స్నాయుబంధనమను గట్టి త్రాటివంటి భాగముచే ఆ బుడిపెకు అంటియుండును. విరామము లేక పిడికిలి బిగించి పనిచేసినచో దాని పోగులు చిట్లును. మానుటకు వ్యవధి చాలక అది బలహీనపడును.

నొప్పిని ఓర్చుకొని పనిచేయుట పొరపాటు. చేతిని మెడకు వ్రేలాడగట్టి వారములకొలది కదల్పకుండుటయు పొరపాటే. దినకూలికి అది సాధ్యమును కాదు. నొప్పి పుట్టించు పనిని మాత్రము కొంతకాలము తగ్గించి, బట్టలో చుట్టిన మంచుగడ్డను 10, 15 నిమిషములు ఉంచవలెను. నొప్పి తగ్గుముఖము పట్టిన పిదప అరచేయి పైకుండునట్లు ముంజేతిని బల్లపై ఆనించి, అరకిలో బరువు పట్టుకొని మణికట్టును మెల్లగా క్రిందికి దింపవలెను; పైకెత్తుటకు రెండవ చేతి సాయము తీసికొనవచ్చును. ఈ మితమైన శ్రమవలననే స్నాయుబంధనము తిరిగి గట్టిపడును. బరువును క్రమముగా పెంచవలెను. గుణము కనుపించుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. స్టెరాయిడు సూదిమందు నొప్పిని త్వరగా అణచును గాని ఆ మేలు ఎక్కువకాలము నిలువదు.

ఉంగరపు వ్రేలు, చిటికెన వ్రేలు తిమ్మిరెక్కినను, చేతిపట్టు సడలినను నరము నలుగుచుండవచ్చును. జాగు చేయక వైద్యునికి చూపవలెను.